రాత్రి అంట్ల టైం: ఒక మిషనరీ కుటుంబం కేస్

ఇది రాయడానికి తల్లిదండ్రులూ ముగ్గురు ఆడపిల్లలూ ఒప్పుకున్నారు. రాసింది నడిపమ్మాయికి చదివి వినిపిస్తే రెండు విషయాలు తీసెయ్యమంది, తీసేశా. ఊరు, సంఘం, వయసులు కొంచెం అటూ ఇటూ చేశాను. దేశం మాత్రం మార్చలేదు, దేశం మారిస్తే వాళ్ల ఇంటి రోజు మారిపోతుంది, ఈ కేస్ అంతా ఆ రోజు మీదే నడిచింది. పిల్లల్ని పెద్దది, నడిపిది, చిన్నది అనే అంటాను, వాళ్ల నానమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

నేను శ్రీకాకుళంలో ఫ్యామిలీ కౌన్సిలర్‌ని. ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మేడ మీద రెండు గదులు, ఒక వరండా, వరండా చివర చిన్న సింక్. ఆ సింక్ గురించి తర్వాత చెప్తా.

కుటుంబం సంగతి

మన వైపు మిషనరీ అంటే ఇప్పటికీ తెల్లదొరే గుర్తొస్తాడు. 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ అన్నీ తిరిగారు, బడులూ ఆసుపత్రులూ పెట్టారు, ఆ బంగళాలు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో మిషనరీల పిల్లల్ని చదువుకోసం దూరంగా కొండల మీద బోర్డింగ్ స్కూళ్లకి పంపేసేవాళ్లు, కొడైకెనాల్‌లో 1901లో ఒక స్కూల్ అచ్చంగా మిషనరీల పిల్లల కోసమే మొదలైంది. ఇప్పుడు మనవాళ్లే వేరే దేశాలకి మిషనరీలుగా వెళ్తున్నారు. ఈ కుటుంబం 2016లో మలావి వెళ్లింది, దేశానికి దక్షిణం వైపు, బ్లాంటైర్ నుంచి కొంత దూరం. తండ్రి పాస్టర్, తల్లి ఇక్కడ నర్సుగా చేసింది, అక్కడ పిల్లలకి ఇంట్లోనే పాఠాలు చెప్పేది. వెళ్లేటప్పటికి పెద్దదానికి ఎనిమిదేళ్లు, నడిపిదానికి ఐదు, చిన్నది అసలు పుట్టలేదు. 2023 నవంబర్ ఆఖర్లో సెలవు మీద వచ్చారు, 2024 జూలైలో తిరిగి వెళ్లాలి. పెద్దది అప్పటికే పదో క్లాసుకి సమానమైన కేంబ్రిడ్జ్ పరీక్షలు రాసేసింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తండ్రి మీద చదివేవాళ్లకి కోపం వస్తుంది. వీళ్లని పంపింది ఏదో పెద్ద ఫారిన్ సంస్థ కాదు. మన జిల్లాలో చిన్న చిన్న చర్చి సంఘాలు నెలకి వందా రెండొందలూ పోగేసి పంపిస్తాయి. అందుకే సెలవుకొచ్చినప్పుడు ఆదివారానికో సంఘం తిరగాలి, అక్కడ తమకి జరిగింది సాక్ష్యంగా చెప్పాలి, పిల్లలు అక్కడి చిటెంజే గుడ్డ కట్టుకుని చిచేవా భాషలో పాట పాడాలి.

ఏ సమస్యతో వచ్చారు

2024 ఫిబ్రవరిలో నానమ్మా తల్లీ కలిసి నడిపిదాన్ని తీసుకొచ్చారు, వెనకాలే మిగతా ఇద్దరూ వచ్చారు. పిల్ల ఇంట్లో మాట్లాడటం మానేసింది. అడిగితే తలూపుతుంది, అంతే. కంచం పట్టుకెళ్లి మేడ మెట్ల మీద కూర్చుని తింటుంది. జనవరిలో ఒక సంఘంలో పాట మధ్యలో స్టేజ్ దిగి బయటికెళ్లిపోయింది, ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవైంది.

నానమ్మ మాటల్లో: "ఏటి సెప్పమన్నావమ్మా, వచ్చిన కాడి నుంచీ ఈ గుంట మాటాడదు. ఉపవాస ప్రార్థన సేయించినాం, అయ్యగారొచ్చి సెయ్యేసి ప్రార్థించినారు, ఏటీ నేదు. నాను వొండింది నచ్చదేమో అనుకున్నాను గానీ తింటాది, మెతుకొగ్గదు."

తల్లి మధ్యలో చిన్నగా అంది, "వచ్చినప్పటి నుంచి కాదు మేడం, క్రిస్మస్ కేరల్స్‌కి బాగానే తిరిగింది, గట్టిగా పాడింది కూడా." రాసుకున్నా. రాసుకుని వదిలేశా. ఇప్పుడా కేస్ షీట్ తీస్తే ఆ లైన్ కింద నేను గీత కూడా గీయలేదు.

ముందు ఏమనుకున్నా

మొదట ప్రమాదం ఏమైనా ఉందా అని చూశా. నిద్ర, తిండి, తనకి తాను హాని చేసుకునే ఆలోచనలు, ఎవరైనా ఇబ్బంది పెట్టారా, అన్నీ తల్లి లేకుండా అడిగా, తలూపడంతోనే జవాబులు, అయినా అవి స్పష్టంగానే వచ్చాయి. ఫిజీషియన్ దగ్గరికి పంపి రక్తం, థైరాయిడ్, మలేరియా టెస్టులు చేయించా, వచ్చింది మలావి నుంచి కదా. అన్నీ బాగానే ఉన్నాయి.

ఇక మిగిలింది నాకు బాగా తెలుసనుకున్న సంగతి. థర్డ్ కల్చర్ కిడ్స్ అనే మాట చాలామంది వినే ఉంటారు. 1950ల్లో రూత్ యూసీమ్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ మన ఇండియాలోనే ఉంటున్న అమెరికన్ కుటుంబాల్ని గమనించి పెట్టిన పేరు అది, అమ్మానాన్నల దేశానికీ పెరిగిన దేశానికీ రెంటికీ పూర్తిగా చెందని పిల్లలు అని. మా ఊళ్లో అలాంటి కేస్ నాకు మొదటిసారి, ఉత్సాహం కొంచెం ఎక్కువైంది, అది ఒప్పుకోవాలి. భాష రాక, కొత్త ఊరు ఇమడక, అందరూ చూస్తుంటే సిగ్గుపడి పిల్ల ముడుచుకుపోయిందని తేల్చేశా.

ఇంకో పొరపాటు కూడా లోపల ఉంది. నేను క్రిస్టియన్‌ని కాదు. ఇంట్లో మతం కట్టుబాటు ఎక్కువై పిల్ల ఎదురు తిరుగుతోందేమో అన్న అనుమానం ఒకటి పెట్టుకునే కూర్చున్నా. పైకి అనలేదు గానీ నా ప్రశ్నలన్నీ అటే పోయాయి. ప్రార్థన ఎన్నిసార్లు, ఎంతసేపు, బలవంతం ఉందా అని. పెద్దది ఒకసారి చాలా మర్యాదగానే అంది, "ఆంటీ, ప్రేయర్ మాకు బ్రష్ చేసుకోవడం లాంటిది, దాని గురించి ఎందుకు అడుగుతున్నారు?" అని.

పని చెయ్యనివి

తెలుగు ట్యూషన్ పెట్టించా. ట్యూషన్ టీచర్ రెండు వారాలకే ఫోన్ చేసి, "మేడం, ఈ పాపకి తెలుగు రాకపోవడమేంటి, నేను తప్పు రాస్తే వేలు పెట్టి చూపిస్తోంది" అంది. ఆ ఇంట్లో తెలుగు బైబిల్ రోజూ చదువుతారు, పిల్లలకి గ్రాంథికం కూడా అర్థమవుతుంది. అంటే భాష సమస్య కాదు. అక్కడే ఆగి మొదటి నుంచి ఆలోచించాల్సింది, ఆగలేదు.

కజిన్స్‌తో కళింగపట్నం బీచ్‌కీ సినిమాకీ పంపించమన్నా. వెళ్లింది, వచ్చింది, మాట లేదు.

ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడా. ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటి రోజు పెద్దది చెల్లి పక్కన కూర్చుని ఆమె బదులు జవాబు చెప్పబోయింది, నేను పుస్తకం ప్రకారం "నువ్వు బయట కూర్చోమ్మా, తనని చెప్పనీ" అని పంపేశా. అక్క నోరు చెల్లిని కప్పేస్తోందని నా లెక్క. విడివిడిగా కూర్చుంటే మిగతా ఇద్దరిదీ ఒకటే జవాబు, బాగున్నాం ఆంటీ, నడిపిది తలూపిందంతే. చిన్నది మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది, ఇంటికెప్పుడు వెళ్తాం అని. ఇల్లంటే మలావి.

తండ్రితో మాట్లాడి నెల రోజులు పిల్లల్ని స్టేజ్ ఎక్కించొద్దన్నా. ఆయనకి కష్టమైంది. "మేడం, పెన్షన్ డబ్బుల్లోంచి నెలకి వంద తీసి పంపే ముసలమ్మలున్నారు, వాళ్లు అడిగేది పిల్లల్ని ఒకసారి చూపించు నాయనా అనే, ఏం చెప్పను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అయినా నాలుగు ఆదివారాలు ఆయన ఒక్కరే వెళ్లారు. ఇంట్లో అరుపులు తగ్గాయి, అది నిజం. పిల్ల మాత్రం నోరు విప్పలేదు.

సింక్ దగ్గర

మార్చి మధ్యలో ఒక సాయంత్రం. మా ఆయా ఆ రోజు రాలేదు, పొద్దుట్నించీ వచ్చినవాళ్లు తాగిన టీ గ్లాసులు వరండా సింక్‌లో పేరుకుపోయి ఉన్నాయి. నేను లోపల తల్లితో మాట్లాడుతున్నా. బయట నీళ్ల చప్పుడు, దాని మీద ఒక గొంతు. ఆ గొంతు నాకు తెలీదు. సన్నగా, గబగబా, ఆపకుండా ఏదో చెప్పేస్తోంది, మధ్యలో నవ్వు. తల్లి మాట ఆపేసింది, ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది అది ఎవరిదో.

తలుపు సందులోంచి చూశా. పెద్దది తోముతోంది. నడిపిది కడిగి తుడుస్తోంది. చిన్నది స్టూల్ మీద నిలబడి గ్లాసులు బోర్లిస్తోంది, బోర్లించిన ప్రతి గ్లాసు మీదా అరచేత్తో ఒక్కటి కొడుతోంది, ఎందుకో తెలీదు. ఎవరూ ఎవరికీ పని చెప్పట్లేదు, పెద్దది చూడకుండానే చెయ్యి పక్కకి చాపుతుంది, నడిపిది చూడకుండానే అందుకుంటుంది. మాట్లాడేది తెలుగూ ఇంగ్లీషూ చిచేవా మూడూ కలిపి, ఒక వాక్యంలోనే మూడు. నేను తలుపు తీస్తే ఆగిపోతుందని తల్లిని కూడా కదలనివ్వలేదు. పద్నాలుగు గ్లాసులు అయ్యేదాకా నడిచింది. ట్యాప్ కట్టేశారు, నడిపిది చేతులు తుడుచుకుంది, మాట ఆగిపోయింది.

ఆ రాత్రి నా కేస్ షీట్ మొత్తం మళ్లీ చదివా. నేను అడిగినవన్నీ ఎలా ఉంది, ఏం గుర్తొస్తోంది, ఏం నచ్చలేదు, ఇవే. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరు ఏ పని చేస్తారు అని ఒక్కసారి కూడా అడగలేదు.

రెండు రోజుల లెక్క

తర్వాతి సిట్టింగ్‌కి ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టా. ఒక చార్ట్ మధ్యలో గీత గీసి, అటు అక్కడి రోజు, ఇటు ఇక్కడి రోజు, గంట గంటకీ ఎవరెక్కడుంటారో రాయమన్నా. పెద్దది రాస్తుంటే నడిపిది వేలు పెట్టి దిద్దుతోంది.

అక్కడ తెల్లారకముందే లేచి డ్రమ్ములు నింపాలి, నీళ్లు తర్వాత వస్తాయో రావో. వాకిలి ఊడవాలి. డైనింగ్ టేబుల్ మీదే ముగ్గురికీ క్లాసు, అమ్మ బయటికెళ్తే చిన్నదానికి లెక్కలు చెప్పేది నడిపిది. మధ్యాహ్నం నుంచి ఇంటికి జనం. న్సీమా అని తెల్ల మొక్కజొన్న పిండితో ముద్ద, మన చోడి (రాగి) ముద్దలాగే చెక్క తెడ్డుతో తిప్పుతూ ఉడికించాలి, పదీ పన్నెండు మందికి. పక్కన ఆకుకూరో, ఉసిపా అని ఎండు చిన్న చేపలో, మన ఎండు నెత్తళ్లలాంటివి. కరెంట్ ఎప్పుడు పోతుందో తెలీదు. 2022 జనవరిలో అనా తుఫానుకి షైర్ నది మీద కపిచిరా పవర్ స్టేషన్ దెబ్బతిన్నాక చాలాకాలం కోతలే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చినప్పుడు ఇళ్లు కూలిన కుటుంబాలు వీళ్లింట్లోనే ఉన్నాయి, పిల్లలు తమ గది ఇచ్చేసి హాల్లో చాప మీద పడుకున్నారు. తిత్లీ తుఫాను చూసిన మనకి అది కొత్తగా చెప్పక్కర్లేదు.

అంత జనంలో, కుటుంబ ప్రార్థన అయ్యాక, రాత్రి అంట్లు. పెరట్లో కొవ్వొత్తి పెట్టుకుని ముగ్గురే. పెద్దది తోముతుంది, నడిపిది కడుగుతుంది, చిన్నది తండాలా మీద బోర్లిస్తుంది. తండాలా అంటే గిన్నెలు ఆరబెట్టడానికి కర్రలతో కట్టిన మంచెలాంటిది, అక్కడ చాలా ఇళ్ల పెరట్లో ఉంటుంది. ఆ గంట అమ్మ రాదు, నాన్న రారు, చుట్టాలు రారు. పెద్దది రాస్తూ రాస్తూ అంది, "ఆంటీ, మమ్మల్ని ఎవరూ చూడని టైం అదొక్కటే."

ఇక్కడి వైపు గళ్లు దాదాపు ఖాళీ. పనావిడ తోముతుంది, నానమ్మ వండి వడ్డిస్తుంది, అత్త జడలేస్తుంది. పడక కూడా ప్రేమతోనే పంచుకున్నారు, పెద్దది అత్త దగ్గర, చిన్నది నానమ్మ దగ్గర, నడిపిది అమ్మానాన్నల గదిలో. ఎవరి తప్పూ లేదు. ఇన్నేళ్లకి వచ్చిన మనవరాళ్లని పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు, ఆ ముద్దు చెయ్యడంలోనే ముగ్గురూ ఒకచోట చేరే గంట పోయింది.

అంట్లు తిరిగి ఇప్పించడం

నా ఆలోచన సింపుల్. గుర్తొస్తున్న దేశాన్ని తెచ్చివ్వలేం, ఆ గంటని తెచ్చివ్వొచ్చు. రాత్రి భోజనాల అంట్లు పిల్లలకి వదిలెయ్యమన్నా.

నానమ్మకి కోపం వచ్చింది. "పరాయి దేశం నుంచి వచ్చిన పిల్లల సేత అంట్లు తోమించీసిందని ఊరంతా ఉమ్మీదా?" అంది. మొదటి వారం ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, వెనకాలే నిలబడి సబ్బు ఎక్కువేశావు, ఆ గిన్నె అలా కాదు అంటూ ఉండేది. పనావిడ తన పని పోతుందని బెంగపెట్టుకుంది. నడిపిది మాట్లాడలేదు, మాట్లాడదు కూడా, చూసేవాళ్లున్నారు కదా. అంట్లు పెట్టించడమే మందు అనుకున్నా నేను. అసలు కావాల్సింది చూపులు లేకపోవడం. ఈ తేడా నాకు వారం ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు నానమ్మని ఒక్కదాన్నే రమ్మన్నా. నచ్చజెప్పబోలేదు, చిన్నప్పుడు మీ ఇంట్లో అంట్లు ఎవరు తోమేవారమ్మా అని అడిగా. ఆవిడ కాసేపు ఊరుకుని, "నానూ మా అప్పానూ సెరువుకి మోసుకెళ్లీవోళ్లం. బూడిదా కొబ్బరి పీచూ అట్టుకెళ్లి. మా యమ్మ కేకెయ్యిందాకా వచ్చీవోళ్లం కాదు" అంది. అప్ప, అంటే వాళ్లక్క, ఏమైందని అడిగితే, ఖరగ్‌పూర్ రైల్వే సంబంధం, పెళ్లయ్యాక ఎప్పుడైనా శుభకార్యాలకి చూడ్డమే అంది. ఇంకేం అడగలేదు నేను, ఆవిడే లేచి, "పెరట్లో లైటొకటి యేయిస్తాను, ఎవుల్నీ ఎల్లనివ్వను" అని వెళ్లిపోయింది. పనావిడకి జీతం తగ్గించలేదు, పొద్దుటి అంట్లు ఆవిడవే. నేనింకోటి అడిగా, ముగ్గురి పక్కలూ ఒకే గదిలో వెయ్యమని. అదీ అయింది.

అసలు విషయం

పెరట్లో మొదలెట్టిన ఎనిమిదో రోజు రాత్రి పెద్దది ఫోన్ చేసింది, ఏడుస్తోంది. నడిపిది అంట్ల దగ్గర చెప్పేసిందట. అమ్మానాన్నలు తిరిగి వెళ్లేటప్పుడు పెద్దదాన్ని ఇంటర్‌కి ఇక్కడే హాస్టల్‌లో పెట్టి వెళ్తారని. క్రిస్మస్ అయిన రెండో రోజో మూడో రోజో రాత్రి, పిల్ల నిద్రపోయిందనుకుని గదిలో వాళ్లు మాట్లాడుకున్నారు, ఈ పిల్ల వింది. పాపం ఆ గదిలో పడుకోబెట్టింది కూడా తోడుంటుందనే. విని, నోరు తెరిస్తే అది బయటికొచ్చేస్తుందని, అక్కకి తెలిసిపోతుందని అసలు నోరే మూసేసుకుంది. మూడు నెలలు.

మరి నా సింక్ దగ్గర మాట్లాడింది కదా అని తర్వాత అడిగా. "అక్కడ గ్లాసుల గురించి మాట్లాడా ఆంటీ. పాత ఇంటి గురించి. ఇక్కడి గురించి కాదు" అంది.

తల్లి మొదటి రోజు చెప్పిన లైన్ ఇదే. కేరల్స్‌కి పాడింది, తర్వాత ఆగింది. ఊరు ఇమడకపోవడానికి ఒక తారీఖు ఉండదు, మెల్లగా పేరుకుంటుంది. ఒక వారంలో ట్యాప్ కట్టినట్టు మాట ఆగిందంటే ఆ వారంలో ఏం జరిగిందో వెతకాలి. ఇప్పుడు నా ఇన్‌టేక్ ఫారంలో ఎప్పటి నుంచి అనే గడి పక్కనే ఇంకో గడి కొట్టించా, ఆ వారంలో ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకున్నారు అని. మా జూనియర్ నవ్వుతుంది గానీ మానలేదు.

అప్పుడు తల్లిదండ్రులకి నేనే ఫోన్ చేసి చెప్పేయొచ్చు. చెయ్యలేదు. పిల్లలు నమ్మి చెప్పిన మాట నా నోటి నుంచి వెళ్తే ఆ పెరటి గంట మళ్లీ పోతుంది. మీరే చెప్తారా, నేను పక్కన కూర్చుంటా అని అడిగా. రెండు రోజులు టైం తీసుకుని సరే అన్నారు. చెప్పింది పెద్దది. తండ్రి చాలాసేపు నేల చూశారు, తర్వాత, ముందే చెప్తే ఈ నెలలన్నీ ఏడుపుతో పోతాయని ఆపాం అన్నారు. నడిపిది తెలుగులో, అందరి ముందూ, "అవి ఎలాగూ పోయాయి నాన్నా" అంది. ఆ గదిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

నిర్ణయం మారలేదు, మార్చమని నేను చెప్పలేదు కూడా, ఇంటర్ చదువుకి వాళ్ల లెక్కలు వాళ్లకున్నాయి. మారింది మిగిలిన టైం వాడుకున్న తీరు. మిషనరీ పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసిన డేవిడ్ పొల్లాక్ అనే ఆయన, ఒక చోటు విడిచేముందు నాలుగు పనులు చెయ్యాలంటాడు. తగువులు తీర్చుకోవడం, మనకి చేసినవాళ్లకి థాంక్స్ చెప్పడం, సరిగ్గా వీడ్కోలు తీసుకోవడం, వెళ్లే చోటు గురించి ముందే ఆలోచించడం. అవే చేయించా. హాస్టల్ చూడ్డానికి ముగ్గురూ కలిసే విశాఖ వెళ్లారు, అక్క మంచం ఏదో చిన్నదే ఎంచింది. స్టేజ్ పాటలు మళ్లీ మొదలయ్యాయి, కానీ ఏ ఆదివారం ఎవరు పాడతారో పిల్లలే రాసిస్తారు. నడిపిది రెండుసార్లు పాడింది, మిగతావాటికి రానంది, తండ్రి ఊరుకున్నారు.

అంట్ల పని ఇద్దరితో ఎలా అన్నది పెద్ద చర్చే అయింది. ఫోన్‌లో కలుద్దామంటే మలావి మనకంటే మూడున్నర గంటలు వెనక, అక్కడ రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదకొండున్నర, హాస్టల్‌లో అప్పటికి లైట్లార్పేసి ఫోన్లు తీసేసుకుంటారు. చివరికి ఆదివారం మధ్యాహ్నం భోజనాల అంట్లకి కుదిరింది, అక్కడ ఒకటిన్నర, ఇక్కడ ఐదు.

సెప్టెంబర్‌లో తల్లి ఒక ఫోటో పంపింది. పెరట్లో నీళ్ల బకెట్‌కి ఆనించి ఫోన్, స్క్రీన్ మీద పెద్దది హాస్టల్ కుళాయి దగ్గర తన ఒక్క కంచమూ గ్లాసూ తోముతోంది. తోమే పని ఇప్పుడు నడిపిది చేస్తోంది, చిన్నది కడుగుతోంది. బోర్లించేవాళ్లు లేక గిన్నెలు చాప మీదే పెట్టేస్తున్నారట. చిన్నది రాత్రిళ్లు పక్క తడపడం జూలై నుంచి మళ్లీ మొదలైందని తల్లి కింద రాసింది, దాని మీద వచ్చే వారం వీడియో కాల్ పెట్టుకున్నాం.